విప్పని ఆటపెట్టెల వ్యాపారము



ఈ సాయంకాలము నేను ప్రసంగింపనున్న విషయము మన పల్లెలకు క్రొత్తది. పిల్లల ఆటసామానును కొని, దానిని విప్పక, ఎవరిని ఆడనీయక, కొన్నేండ్లు భద్రముగా దాచి, ధర పెరిగిన పిమ్మట అమ్ముకొనెడి వ్యాపార మొకటి లోకమున నడచుచున్నది. ఇది వినగానే నవ్వు వచ్చుట సహజము. బంగారము దాచుదురు, గింజలు దాచుదురు, ప్రత్తి దాచుదురు గాని, బొమ్మలు దాచి బాగుపడువారున్నారా యని మీరడుగవచ్చును. ఉన్నారు. మన నందికొట్కూరు ప్రాంతమునుండి హైదరాబాదునకో, బెంగుళూరునకో, అమెరికాకో పోయి ఉద్యోగములు చేయుచున్న పిల్లలలోను అట్టివారు కొందఱు నాకు తెలియుదురు. వారు పండుగకు ఇంటికి వచ్చి ఈ ప్రస్తావన తెచ్చుటయు, ఇంటి పెద్దలు తెల్లబోవుటయు నేను చూచితిని. పెద్దలు తెలియక నవ్వినచో పిల్లవాడు నొచ్చుకొనును; తెలియక సొమ్మిచ్చినచో ఇల్లు నొచ్చును. కావున ముందు విషయ మెట్టిదో తెలిసికొందము. తీర్పు తరువాత చెప్పుకొందము.

ఈ వ్యాపారమున ముఖ్యమైన సామాను పేరు లెగో. డెన్మార్కు దేశమున బిల్లుండ్ అను చిన్న ఊరిలో ఓలే కిర్క్ క్రిస్టియాన్సెన్ అను వడ్రంగి 1932లో కఱ్ఱబొమ్మలు చేయ మొదలుపెట్టెను. 1934లో తన సరకునకు లెగో అని పేరిడెను. ఆ దేశభాషలో ‘బాగుగా ఆడుము’ అను అర్థమిచ్చు రెండు మాటలను కుదించి చేసిన పేరది. పిమ్మట ఆ కుటుంబమువారు ప్లాస్టిక్కుతో చిన్నచిన్న ఇటుకలు చేయసాగిరి. ఇటుక పైని గుబ్బలును, లోపల గొట్టములును అమర్చి, ఒకదానిమీద నొకటి నొక్కినచో గట్టిగా పట్టుకొనునట్లును, లాగినచో ఊడివచ్చునట్లును చేసి, ఆ పద్ధతిపై హక్కు కొఱకు 1958లో దరఖాస్తు పెట్టిరి. ఆనాటి ఇటుక నేటి ఇటుకతో చక్కగా అతుకును. ఎనిమిది గుబ్బలు గల ఒకే రంగు ఇటుకలు ఆఱు చేతికిచ్చినచో వానిని 91,51,03,765 విధములుగా కూర్పవచ్చునని లెక్క తేల్చినారు. ఆఱు ఇటుకలకే ఇంత యున్నప్పుడు పెట్టెడు ఇటుకలతో పిల్లవాని బుద్ధి ఎంత దూరము పోగలదో మీరే ఊహింపుడు.

ఇట్టి కట్టుడు ఆటసామాను లెగోతోనే పుట్టలేదు. ఇంగ్లండు దేశమున లివర్‌పూలు నగరవాసి ఫ్రాంక్ హార్న్‌బీ 1901లోనే, రంధ్రములు గల ఇనుపపట్టీలను మరలతో బిగించి వంతెనలు, బండ్లు చేసికొను సామానుపై హక్కు పొందెను. తరువాత దానికి మెకానో అను పేరు వచ్చెను. ఆ నగరమందలి కర్మాగారము 1979లో మూతపడెను. దాని పాత పెట్టెలను వెదకివెదకి కొనువారు నేటికిని కలరు.

ఇక వ్యాపారపు కీలకము వినుడు. ఈ ఇటుకలను కంపెనీవారు పెట్టెలుగా అమ్ముదురు. ఒక పెట్టెలోని ఇటుకలతో కోట కట్టవచ్చును. మఱియొక దానితో ఓడ, ఇంకొక దానితో మోటారు బండి. ఒక్కొక్క నమూనాను సాధారణముగా ఒకటి రెండేండ్లో, మూడేండ్లో చేసి, పిదప ఆ తయారీ నిలిపి క్రొత్త నమూనా తెత్తురు. అంగళ్లలోని సరకు అయిపోయిన పిమ్మట ఆ కోటయే కావలెనన్న వానికి దాచుకొన్న వానియొద్ద తప్ప దొరకదు. అప్పుడు దాచినవాడు అడిగినదే ధర యగును. పెట్టెకు వేసిన ముద్ర చెదరకున్న ధర హెచ్చు, విప్పియున్న తక్కువ, ముక్కలు కొఱతపడిన మఱింత తక్కువ. ముందుగా కనిపెట్టి, తయారీ నిలువబోవు పెట్టెలను కొని, అటకమీద పెట్టి, కాలము కొఱకు కాచుకొనుటయే ఈ వ్యాపారము.

దీనిలో లాభము నిజముగా కలదా? కలదు. విక్టోరియా దొబ్రిన్స్కాయా, యూలియా కిషిలోవా అను రష్యా దేశపు పరిశోధకురాండ్రిద్దఱు 1987 మొదలు 2015 వఱకు వెలువడిన 2,322 పెట్టెల ధరలను పరిశీలించి, 2022లో ప్రకటించిన వ్యాసమున సగటున సాలునకు నూటికి సుమారు 11 చొప్పున ధర పెరిగినట్లు చూపిరి. తయారీ నిలిచిన రెండు మూడేండ్లకు గాని ధర లేవదనియు వ్రాసిరి. మన మనుమలు చూపు కాగితములలో సాధారణముగా ఈ 11 అను అంకె యుండును. కాని అదే వ్యాసమున నున్న మఱియొక సంగతి వారు చూపుట తక్కువ. కొన్ని పెట్టెలు సాలులో ఎన్నో రెట్లు పెరుగగా, కొన్ని సగము విలువ పోగొట్టుకొన్నవి. సగటు అనునది మండల వర్షపాతము వంటిది. మండలములో సగటున మంచి వాన యని కాగితమున వ్రాసియుండవచ్చును. నీ చేనిమీద పడినదా లేదా యనునది వేఱు మాట.

సగటు ధరయే వచ్చినదనుకొని ఒక చిన్న లెక్క వేయుదము. 30,000 రూపాయలకు ఒక పెద్ద పెట్టె కొన్నారనుకొనుడు. సాలునకు నూటికి 11 చొప్పున పెరిగినచో అయిదేండ్లకు దాని ధర సుమారు 50,550 రూపాయలగును. చూచుటకు సొంపైన అంకెయే. కాని అమ్మిపెట్టువారి కమీషను నూటికి 12 అనుకొన్న 6,066 రూపాయలు పోవును. గట్టిగా కట్టి దూరదేశమునకు పంపుటకు 1,500 అనుకొనుడు. చేతికి వచ్చునది 42,984. అదే 30,000 రూపాయలను నూటికి 7 చొప్పున చక్రవడ్డీకి నమ్మకమైన చోట వేసియున్న, అయిదేండ్లకు 42,077 అగును. తేడా 907 రూపాయలు. ఈ 907 రూపాయల కొఱకు అయిదేండ్లు ఎలుకలకు, చెదలకు, దొంగలకు కాపలా కాయవలసియుండును. కావున లాభమంతయు ఎచటనున్నదనగా, సగటు పెట్టెలో లేదు. తక్కువ ధరకు కొనుటలోను, మంచి పెట్టెను ఎంచుటలోను ఉన్నది. మన దేశమున కొనువారికి ఇది మఱింత కష్టము. బొమ్మల దిగుమతి సుంకము 2020లో నూటికి 20 నుండి 60కిని, 2023లో 70కిని పెరిగెను. అట్లు హెచ్చు ధరకు కొన్న పెట్టెను అమెరికాలో చౌకగా కొన్నవానితో పోటీపడి అమ్ముట సాధ్యము కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. విప్పని పెట్టెకు అంత విలువ ఎందుకు వచ్చినది? దాచినవాని తెలివివలన మాత్రమే యని పలువురు తలంతురు. కాదు. వేలకొలది పిల్లలు తమ పెట్టెలను విప్పి, ఆడి, ముక్కలు పాఱవేసికొని, అట్టలను చించివేసినందువలన మిగిలిన పెట్టె అరుదైనది. ఆ పిల్లలే పెరిగి పెద్దవారై, ఉద్యోగములు సంపాదించి, చిన్ననాటి కోటను మరల చూడవలెనన్న కోరికతో హెచ్చు ధర యిచ్చి కొనుచున్నారు. ఆడినవాడు లేనిచో అరుదుతనము లేదు. ఆడినవాడు లేనిచో కొనువాడును లేడు. అందఱును దాచుటకే కొన్ననాడు ఈ వ్యాపారము మూలమే తెగును.

ఇది ఊహ కాదు. 1993లో అమెరికాలో టై అను కంపెనీవారు ప్లాస్టిక్కు గింజలు కూరిన చిన్న గుడ్డబొమ్మలను బీనీ బేబీలను పేరుతో తెచ్చిరి. ఒక్కొక్క రకమును కొంతకాలము చేసి నిలిపివేయుచుండిరి. నిలిచిన రకము ధర పెరుగుట చూచి జనులు వెఱ్ఱిగా కొనసాగిరి. బొమ్మ చెవికి వ్రేలాడు చీటీ నలుగకుండ దానికి తొడుగు వేసి దాచిరి. పిల్లల చదువులకు పనికివచ్చునని పెట్టెలు పెట్టెలుగా కొన్న తల్లిదండ్రులున్నారు. 1999లో కంపెనీవారు అన్ని రకములను నిలిపెదమని ప్రకటించిరి. అరుదగునని ఆశించిన బొమ్మ ప్రతి ఇంటి అటకమీదను చీటీతోసహా నిలిచియుండెను. అమ్మువారే గాని కొనువారు లేకపోయిరి. ధర కూలెను. కర్నూలు మార్కెట్టునకు ఉల్లిగడ్డలు తోలినవారికి ఈ కథ విప్పి చెప్పనక్కరలేదు. నిరుడు ధర పలికినదని ఊరంతయు ఉల్లి నాటినయేడు బస్తాలకు బాడుగ కూడ గిట్టదు.

రెండవ అపాయము తయారుచేయువాని చేతిలో నున్నది. 2008లో లెగో కంపెనీవారు మన తాజమహలు నమూనాను 5,922 ముక్కలతో విడుదల చేసిరి. అమెరికాలో దాని ధర సుమారు 300 డాలర్లు. కొన్నాళ్లకు తయారీ నిలిచెను. దాచినవారి పెట్టెలు వేయి డాలర్లను మించి అమ్ముడుపోవసాగెను. ఇంకను పెరుగునని కొందఱు ఆ హెచ్చు ధరకే కొని దాచిరి. 2017లో కంపెనీవారు అదే తాజమహలును ఒక్క ముక్క హెచ్చుగా, 5,923 ముక్కలతో మరల చేసి, 370 డాలర్లకు అంగళ్లలో పెట్టిరి. పాత పెట్టె ధర దిగిపోయెను. కంపెనీవారు ఎవరికిని అన్యాయము చేయలేదు. తమ సరకు తాము చేసికొనిరి. మన కర్నూలు–కడప కాలువ కొసన నున్న రైతుకు ఈ మర్మము తెలియును. తన మడి ఎంత చక్కగా దున్నినను, తూము తాళపుచెవి మఱియొకని చేత నున్నది.

ఇట్టి విషయము నా ఎదుటికే ఒకనాడు తగవుగా వచ్చినది. మా ప్రాంతపు ఒక పల్లెలోని వృద్ధ రైతు మనుమడు బెంగుళూరులో ఉద్యోగి. జీతములో మిగిల్చి పదునాలుగు పెట్టెలు కొని దాచినాడు. ఒక మంచి నమూనా త్వరలో నిలువబోవుచున్నదని తెలిసి, అట్టివి కొన్ని ఒక్కసారి కొనవలెనని, అవ్వ బంగారు గాజులు కుదువపెట్టి మూడు లక్షలు ఇప్పింపుమని తాతను కోరెను. నేను పూర్వము బడిలో లెక్కలు చెప్పినవాడను గనుక తాతయు మనుమడును నాయొద్దకు వచ్చిరి.

“అయ్యవారూ, వీడు చెప్పునది నాకు తలకెక్కలేదు. మీరు విని చెప్పుడు” అని తాత యనెను.

“ఇంతవఱకు ఎన్ని అమ్మితివి నాయనా?” అని మనుమని అడిగితిని.

“రెండు అయ్యవారూ. ఒకదానిపై లాభము వచ్చినది. ఒకటి కొన్న ధరకే పోయినది” అని దాచక చెప్పెను. ఆ సత్యసంధతకు నాకు సంతోషమైనది.

అప్పుడు పలక తీసి లెక్క వేసితిని. కుదువ వడ్డీ నూటికి 9 అనుకొన్నను, మూడు లక్షలకు సాలునకు 27,000. ధర లేచుటకు పట్టు మూడేండ్లలో, చక్రవడ్డీ వేయకయే, 81,000. పెట్టె నిద్రించుచుండును, వడ్డీ నిద్రింపదు. తాత కొంతసేపు పలుకలేదు. పిదప, “విత్తనాలు దాచుదుము. అవి వాన పడిననాడు చేనిలో పడును. నీ పెట్టెకు వాన ఎప్పుడు?” అని మనుమని అడిగెను. “కొనువాడు వచ్చుటయే దానికి వాన, తాతా” అని వాడనెను. “వానను నమ్మి ఆ గాజులే కుదువపెట్టిన ఏండ్లు నేనెఱుగుదును. మూడుమాఱులు పోయి మూడుమాఱులు తిరిగి వచ్చినవి. నాలుగవమాఱు బొమ్మలకై పంపలేను” అని తాత తన మాట చెప్పెను.

గాజులు ఎవరివో వారి మాటయు వినవలెనని నేనంటిని. ఇద్దఱును ఆ సంగతి తలంపనే లేదు. ఇంటికి పోయి ఆమెను అడిగిరట. ఆమె కోపింపలేదు, ఔననలేదు. “ఆ పెట్టెను పదేండ్లు విప్పరు గదా. లోపల ఇటుకలే ఉన్నవని కొనువాడు ఎట్లు నమ్మును?” అని అడిగినదట. చదువుకొన్న మాకు తోచని ప్రశ్న ఆమెకు తోచినది.

నిజమే. ఈ వ్యాపారమున మోసమునకు మంచి తావున్నది. పెట్టె అడుగు విప్పి, సరకు తీసి, బరువునకు మఱేదో పెట్టి మరల అతికించువారు కలరు. నకలు సరకును కలదు. చీనా దేశమున లెపిన్ అను పేరుతో లెగో పెట్టెలను అచ్చముగా అనుకరించి అమ్ముచుండిన వారిని 2019లో షాంఘై పోలీసులు పట్టుకొనగా, 2020లో న్యాయస్థానము వారికి చెఱసాల విధించెను. కావున కొన్ననాటి రసీదు, ముద్రల ఛాయాచిత్రములు పెట్టెతోపాటు భద్రపఱుపనివాడు రేపు తన నిజాయితీని నిరూపించుకొనలేడు.

దాచు చోటును సామాన్యము కాదు. మన ఎండలలో రేకుల కప్పు క్రింది గది కుంపటి వలె కాగును. ఎండ తగిలిన తెల్ల ఇటుక పసుపువన్నెకు తిరుగును, అట్ట రంగు వెలియును. వానకాలమున మట్టిమిద్దె కాఱిన అట్ట ఉబ్బును. చెదలకు అట్టపెట్టె కంటె ప్రియమైన భోజనము లేదు. గోడకు తగులకుండ, నేలకు తగులకుండ, చీకటిగా, పొడిగా, ఒకదానిపై నొకటి బరువు మోపకుండ ఉంచవలెను. బంగారము నలుసంత చోటున ఒదుగును; ఈ సరకునకు గది కావలెను. అంతకంటె ముఖ్యము: రాత్రి ఇంటిలో రోగము వచ్చిన, తెల్లవాఱి నందికొట్కూరు బజారుకు పోయి బంగారమును కుదువపెట్టి సొమ్ము తేవచ్చును. పెట్టెను చూపిన ఎవ్వరును రూపాయి ఇయ్యరు. తగిన కొనువాడు దొరకుటకు వారమగునో, ఆఱు నెలలగునో.

అట్లైన మన కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక బొమ్మలు కొని దాచుదమా యని ఒక పెద్దమనిషి నన్నడిగెను. కొండపల్లిలో తెల్లపొణికి కఱ్ఱతోను, ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱకు లక్క పూసియు చేయు ఆ బొమ్మలు అందమైనవి. కాని వానిని కంపెనీవారు లెక్కకట్టి నిలిపివేయరు. చేయు చేతులున్నంతకాలము అడిగినవానికి మరల చేసి యిత్తురు. అవి అరుదైననాడు పనివారి కొలిమి చల్లాఱినదని యర్థము. అట్టి లాభమును మనము కోరరాదు. కొలువు తీర్చుటకు, పిల్లల చేతికిచ్చుటకు కొనుడు. పనివానికి కూలి గిట్టును.

మీ ఇంటి పిల్లవాడు ఈ వ్యాపారమును గూర్చి మాటలాడినప్పుడు నవ్వక, కసరక, నాలుగు ప్రశ్న లడుగుడు. మొదటిది: ఈ సొమ్ము మిగులు సొమ్మా, అప్పు సొమ్మా? మిగులైన వాని ఇష్టము, అప్పైన వలదు. రెండవది: ఎన్ని కొంటివని కాదు, ఎన్ని అమ్మితివి, ఖర్చులు పోను చేతికేమి వచ్చినది? మూడవది: ఎక్కడ దాచితివి, రసీదు లున్నవా? నాలుగవది: ఈ నమూనాతో పిల్లలు ఆడుచున్నారా, లేక అందఱును నీవలెనే దాచుచున్నారా? ఈ నాలుగింటికి తడబడక బదులు చెప్పిన పిల్లవాడు వ్యాపారము తెలిసినవాడే. వానిని ఆశీర్వదింపుడు.

నేను చెప్పిన ఆ మనుమడు గాజుల మాట మానుకొనెను. జీతములో మిగిలినంతవఱకే కొనుచున్నాడు. ఖాతా పుస్తకము వ్రాయుచున్నాడు. రెండేండ్లలో మఱి నాలుగు పెట్టెలు అమ్మెను. లాభము కలిగినది గాని, ఉద్యోగము మానునంత కాదు. అటకమీదివాటిలో నొకటి వెలకు దిగజాఱినది. దానిని అమ్ముటకు బదులు మేనల్లునికి ఇచ్చి విప్పింపుమని అవ్వ చెప్పినదట. ఆ పిల్లవాడు కట్టిన కోటకు ఒక బురుజు తక్కువయే గాని, పొద్దు గ్రుంకువఱకు అన్నమునకు లేవలేదట.

ఆ మాట విని నేను లెక్కలో ఒక సంగతి చేర్చుకొంటిని. నేడు విప్పి ఆడిన పిల్లవాడే ముప్పది ఏండ్లకు ఆ సరకునకు కొనువాడగును. పెట్టెలన్నియు మూసియుంచిన తరమునకు వెనుక, వానిని వెలయిచ్చి కొనెడి తరము రాదు. కావున ఇంటిలో పది పెట్టెలు దాచినవాడు ఒక పెట్టెనైన ఇంటి పిల్లల ముందఱ విప్పుట ధర్మము మాత్రమే కాదు, వ్యాపారనీతియు నగును. పెద్దలైన మీరు ఆ ఒక్క పెట్టె కొఱకు మాటచెల్లించుకొందురు గాక.